అంటుపై చిగురు

మా అత్తవారిది గూడూరు దగ్గర ఒక పల్లె. నిమ్మతోటలకు పేరుపడిన ప్రాంతమది. ఆ ఇంట కోడలిగా అడుగుపెట్టిన నాటినుండి నిమ్మపూత పరిమళాన్నీ, కాయకోతల సందడినీ, గూడూరు మార్కెట్టుకు తరలిపోయే బస్తాలనూ చూస్తూ వచ్చాను. చెట్టుకు వచ్చే కష్టాలు కూడా కొన్ని చూశాను. ఎండలు ముదిరి బావులు అడుగంటడం, ఆకుల మీద గజ్జి తెగులు మచ్చలు లేవడం, మొదలు పగిలి బంక కారడం మా తోట ఎరిగిన ఆపదలు. చలి కూడా ఒక చెట్టును చంపగలదని ఆ ఊళ్ళో నాకెవరూ చెప్పలేదు. ఆ పాఠాన్ని నేను అరవై మూడవ ఏట, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, హ్యూస్టన్ నగర శివారున ఉన్న మా అమ్మాయి ఇంటి పెరట్లో నేర్చుకున్నాను.

2019 మార్చిలో నేనూ మావారూ మొదటిసారి అక్కడికి వెళ్ళాము. ఇద్దరమూ ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులమే. ఆయనకు మాత్రం మనసంతా తోట మీదనే ఉండేది. వెళ్ళిన వారానికే పెరడు నాలుగు మూలలూ పరికించి, ఇంటికి దక్షిణం వైపున, ఉత్తరపు గాలి సోకని చోట ఒక గుంత తవ్వారు. నిమ్మమొక్క నాటాలని ఆయన కోరిక. నర్సరీవారు మాత్రం, “ఇక్కడి చలికి నిమ్మ ఆగదు, సత్సూమా కొంతవరకు తట్టుకుంటుంది” అని చెప్పారట. సత్సూమా జపాను నుండి వచ్చిన కమలా రకం. తొక్క సులువుగా ఊడుతుంది, గింజలు దాదాపుగా ఉండవు. నడుమెత్తు కూడా లేని ఆ మొక్కను తెచ్చి నాటిన రోజున ఆయన నన్ను పిలిచి, మొదలుకు జానెడు ఎత్తున ఉన్న చిన్న వంపును చూపించారు.

“ఇది అంటు. మన వైపు బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద కట్టినట్లు, దీన్ని మూడాకుల నారింజ మీద కట్టారు. పైనున్నది పండునిచ్చేది, కిందున్నది వేరును నిలిపేది. కిందిది తల ఎత్తిందంటే పైది నిలవదు. ఇంకొక మాట. మొదలు చుట్టూ మట్టి చేరనీయవద్దు. మట్టి తగిలితే బంక తెగులు వస్తుంది” అన్నారు. పాఠం చెప్పే అలవాటు ఆయనకు బడి వదిలినా పోలేదు. ఆ మాటలు మళ్ళీ గుర్తు చేసుకోవలసిన రోజు వస్తుందని నేను అనుకోలేదు.

2020 ఆగస్టులో ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. విమానాలు మామూలుగా తిరగని రోజులవి. మా అమ్మాయి అప్పుడు గర్భిణి. తండ్రి కడసారి చూపు ఆమెకు ఫోను తెర మీదనే దక్కింది. నేను ఆ ఏడాది డిసెంబరులో పురుడు పోయడానికి వెళ్ళేసరికి, ఆమె ప్రతి ఉదయం ఆ మొక్క దగ్గర కాసేపు నిలబడి రావడం అలవాటు చేసుకున్నది. అప్పటికి అది భుజమెత్తు పెరిగింది. ఆమె దాన్ని సత్సూమా అనలేదు, కమలా అనలేదు. “నాన్న చెట్టు” అనేది.

జనవరిలో మనవడు పుట్టాడు. ఫిబ్రవరి రెండవ వారంలో, రాబోయే నాలుగైదు రోజులలో ఎన్నడూ లేని చలి రానున్నదని వార్తలు వచ్చాయి. మా పొరుగింట్లో వియత్నాం దేశస్థురాలైన ఒక పెద్దావిడ ఉండేది. ఫిబ్రవరి 12 వారి కొత్త సంవత్సరం, టెట్ పండుగ. పండ్లతో నిండిన కుమ్‌క్వాట్ చెట్టును కుండీతో సహా ఇంట్లో నిలుపుకోవడం వారి ఆచారం. పండుగ మిఠాయి ఇవ్వడానికి వచ్చిన ఆవిడ మా చెట్టును చూసి ఆగిపోయింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. పార అడిగి తీసుకొని, మొదలు చుట్టూ మట్టి ఎగదోయాలని చేతులతో చూపించింది.

నేను సంకోచించాను. మొదలుకు మట్టి తగలరాదని మావారు చెప్పిన మాట చెవిలో మ్రోగుతూనే ఉన్నది. ఆవిడ నా సందేహాన్ని గ్రహించినట్లున్నది. మట్టి పోసినట్లు చూపి “చలి” అన్నది. తిరిగి లాగివేసినట్లు చూపి “మార్చి” అన్నది. చలికాలానికి మాత్రమే కప్పి, ఎండలు రాగానే తీసివేయాలని భావం. ఆయన మాట మా ఊరి వాతావరణానికి సత్యం. ఆవిడ మాట ఆ నేలకు సత్యం. ఇద్దరి మాటా మన్నించి, పొడిమట్టితో అంటు మునిగి మరో బెత్తెడు పైకి వచ్చేదాకా మాత్రమే కుప్ప పోశాను. పైన నాలుగు కర్రలు పాతి, మందపాటి రగ్గు కప్పి, దాని మీద ప్లాస్టిక్ పట్టా వేశాము. రగ్గు చెట్టుకు వేడినివ్వదు. పగలు నేల దాచుకున్న వేడి రాత్రి ఆకాశానికి పోకుండా ఆపుతుంది. అందువలన అది నేల దాకా దిగి ఉండాలి.

ఫిబ్రవరి 14 రాత్రి చలి మొదలైంది. 15 తెల్లవారుజామున కరెంటు పోయింది. ఆ రాష్ట్రంలో లక్షలాది ఇండ్లు ఒక్కసారిగా చీకటిలో మునిగాయి. ఇంటిని వెచ్చబరిచే యంత్రాలన్నీ కరెంటు మీద ఆధారపడినవే. తలుపు తెరిచి చూస్తే వీధి నిండా తెల్లని మంచు. కొందరు వెచ్చదనం కోసం కార్ల గదులలో ఇంజన్లు నడిపి, ఇండ్లలో బొగ్గులు రాజేసి, ఆ విషవాయువుకు బలి అయ్యారు. ఆ తుఫాను వలన మరణించినవారు 246 మంది అని తరువాత ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. మేము నలుగురమూ ఒకే గదిలో చేరి, నెల దాటిన పసివాడిని నడుమ పెట్టుకొని కూర్చున్నాము.

16వ తేదీ శ్రీపంచమి. బడిలో ఉన్నంత కాలం ఆ రోజున పిల్లల చేత పలకల మీద అక్షరాలు దిద్దించినదాన్ని. ఆ శ్రీపంచమికి తెల్లవారకముందు హ్యూస్టన్‌లో చలి సున్నాకు దిగువన పది డిగ్రీలకు చేరింది. గది తలుపు కింది సందులోనుండి గాలి కత్తిలా వస్తున్నది. ఇంట్లోని దుప్పట్లన్నీ ఒంటి మీదనే ఉన్నాయి. పసివాడి పాదాలు చల్లబడుతున్నాయి. మా అమ్మాయి బాలింత అలసటతో నిద్రపోతున్నది. నేను లేచి, పెరట్లోకి వెళ్ళి, పట్టా తొలగించి, చెట్టు మీది రగ్గును లాగి తెచ్చి తలుపు కింద కుక్కాను. పట్టాను మళ్ళీ కప్పబోతే గాలికి చేతిలోనుండి జారి ఎగిరిపోయింది. ఒక్క నిమిషం చెట్టు వంక చూశాను. తరువాత లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. చేసినది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కాని ఆ సంగతి మా అమ్మాయితో చెప్పలేకపోయాను. రగ్గు కూడా గాలికి ఎగిరి తలుపు దగ్గర పడి ఉంటే తెచ్చానని అన్నాను. జీవితమంతా పిల్లలకు సత్యవ్రతాన్ని గురించి పాఠాలు చెప్పినదాన్ని, కన్నబిడ్డతో ఆ చిన్న అబద్ధం ఆడాను.

మరో రెండు రోజులకు కరెంటు వచ్చింది, మంచు కరిగింది. చెట్టు ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా నీరు కారుతూ వ్రేలాడాయి. వారం తిరిగేసరికి గోధుమరంగుకు మారి ముడుచుకుపోయాయి. ఆకులోని నీరు గడ్డకట్టినప్పుడు ఆ మంచు పలుకులు కణాలను చీలుస్తాయి. చలి ఉన్నంతసేపు పైకి ఏమీ తెలియదు. కరిగిన తరువాతనే గాయం బయటపడుతుంది.

ఇక మా ఇంట్లో ఆత్రం మొదలైంది. ఎండిన కొమ్మలన్నీ వెంటనే కత్తిరించాలని మా అమ్మాయి కత్తెర తెచ్చింది. అల్లుడుగారు బలం కోసమని ఎరువు సంచి తెచ్చారు. నేను పూటకొక బిందె నీరు పోశాను. ఊళ్ళో తోట చూసుకునే మా మరిదికి ఫోను చేసి ఈ సంగతులన్నీ చెబితే, ఆయన నవ్వలేదు, కోప్పడ్డాడు.

“వదినా, మంచు నేనూ చూడలేదు కాని చెట్టును చూశాను. ఆకులేని చెట్టు నీళ్ళు ఏం తాగుతుంది? వేళ్ళు కుళ్ళిపోతాయి. ఎరువు వేస్తే లేని ఓపిక తెచ్చుకొని చిగురేస్తుంది, మళ్ళీ చలి వస్తే అదీ పోతుంది. ఏది చచ్చిందో ఏది బ్రతికిందో తెలియకుండా కత్తెర పెడితే బ్రతికిన కొమ్మనే కోస్తారు. ఊరికే ఉండండి.”

మా మరిది చెప్పినది ఎంత నిజమో అల్లుడుగారు చదివి చెప్పిన ఒక చరిత్రతో బోధపడింది. 1894 డిసెంబరు చివర ఫ్లోరిడా రాష్ట్రంలో గడ్డకట్టే చలి వచ్చింది. పండ్లు పోయినా చాలా చెట్లు బ్రతికాయి. జనవరిలో వెచ్చని ఎండలు కాయగానే అవి చిగురించాయి. లోపల రసం పారుతున్న ఆ లేతదశలో 1895 ఫిబ్రవరిలో మరొక చలి వచ్చింది. మొదటి దెబ్బకు నిలిచిన చెట్లు రెండవ దెబ్బకు బెరడు చీలి మొదలంటా పోయాయి. తోటలు నమ్ముకున్న ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచిపోయాయట. “ఆలస్యం అమృతం విషం” అని ఎందరో పిల్లల చేత వ్రాయించిన నేను, “నిదానమే ప్రధానం” అనే సామెత కూడా మన భాషలోనే ఉన్నదని ఆ రోజున గుర్తు తెచ్చుకున్నాను. కత్తెర అటకెక్కింది. ఎరువు సంచి మూట విప్పకుండానే కార్ల గదిలోకి పోయింది.

ఊరికే ఉండడం అంటే చూడకుండా ఉండడం కాదు. రోజూ చూశాను. చెట్టు చదవగలిగినవారికి కొన్ని గుర్తులు చెబుతుంది. ఎండిన ఆకు తనంతట రాలిపోతే ఆ కొమ్మలో ప్రాణమున్నట్లు. ఎందుకంటే ఆకును విడిచిపెట్టే పని బ్రతికిన కొమ్మ మాత్రమే చేయగలదు. ఆకు ఎండి కూడా కొమ్మను అంటిపెట్టుకొని ఉంటే ఆ కొమ్మ చచ్చినట్లు. మా చెట్టు పైకొమ్మల ఆకులు గాలికి గలగలలాడాయే గాని ఒక్కటీ రాలలేదు. గోటితో బెరడు గీరి చూస్తే లోపల పచ్చదనం లేదు, గోధుమరంగే. మార్చి నడిమికి, పొరుగావిడ చెప్పినట్లు, మట్టికుప్పను చేతితో మెల్లగా తీసివేశాను. మట్టిలో మునిగి ఉన్న బెత్తెడు మేర బెరడు మాత్రం నునుపుగా ఉన్నది. దాన్ని గీరి చూసే ధైర్యం నాకు చాలలేదు.

మార్చి చివరి వారంలో ఒక ఉదయం మా అమ్మాయి పెద్దగా కేక వేసింది. మొదట్లో నాలుగు చిగుళ్ళు! పరుగెత్తుకు వచ్చి నన్ను కౌగిలించుకున్నది. “అమ్మా, నాన్న చెట్టు బ్రతికింది!” ఫోటోలు తీసి బంధువులందరికీ పంపింది. అయిదారు రోజులలో ఆ చిగుళ్ళు జానెడు ఎదిగాయి. వాటి ఉరవడి చూస్తే ఎవరికైనా ఆనందం కలుగుతుంది. నాకు మాత్రం కళ్ళద్దాలు పెట్టుకొని దగ్గరగా చూసిన తరువాత నోట మాట రాలేదు.

ప్రతి కాడకూ మూడేసి ఆకులు. ప్రతి కణుపుకూ ఒక వాడి ముల్లు.

సత్సూమా ఆకు ఒంటరిది. ఇవి మూడాకుల నారింజ చిగుళ్ళు. అంటుకు కింది నుండి, వేరుమూలం నుండి వచ్చినవి. చైనా దేశపు ఆ మొక్క శీతకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. అంతకంటె కఠినమైన చలిని కూడా తట్టుకుంటుంది. దానికి కాసే కాయ మాత్రం చేదు, నోట పెట్టలేము. వాటిని అలాగే పెరగనిస్తే రెండేళ్ళలో దట్టమైన పచ్చని చెట్టు సిద్ధమవుతుంది. చూసినవారందరూ బ్రతికిందనే అంటారు. కాని అది ఆయన నాటిన చెట్టు కాదు. పోనీ, వాటిని తీసివేద్దామంటే, పైభాగం నిజంగా చచ్చిపోయి ఉంటే ఆ చెట్టుకు ఉన్న ఒకే ఒక్క పచ్చదనాన్ని నా చేతులతో నేనే తుంచినట్లవుతుంది.

రెండు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. మూడవనాడు, పసివాడు నిద్రపోయిన తరువాత, మా అమ్మాయిని చెట్టు దగ్గరికి తీసుకువెళ్ళాను. మూడాకులు చూపించాను. ముల్లు చూపించాను. ఆమె ముఖం వాడిపోయింది. “ఇంత పచ్చగా ఉన్నది కదమ్మా! ఇదే నాన్న చెట్టని అనుకుంటే నష్టమేమిటి?” అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే మొదట నేను నిజం చెప్పాలి. శ్రీపంచమి రోజున జరిగినది జరిగినట్లు చెప్పాను.

ఆమె చాలాసేపు మౌనంగా ఉన్నది. చివరకు, “నాన్నే ఉండి ఉంటే ఏం చేసేవారు?” అని అడిగింది.

“నాకంటె ముందే లేచి రగ్గు తెచ్చేవారు. తెచ్చి, నీతో నిజం చెప్పేవారు” అన్నాను.

ఆమె నా చేయి పట్టుకున్నది. ఆ రోజున ఆమె ఏడ్చిన ఏడుపు చెట్టు కోసం మాత్రమే కాదు. తండ్రి పోయిన ఎనిమిది నెలల తరువాత ఆమె మనసారా ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇద్దరమూ ఒక నిర్ణయానికి వచ్చాము. పైభాగం సంగతి తేలేదాకా మూడాకుల చిగుళ్ళలో ఒక్కదానిని మాత్రమే, వేళ్ళకు ఆధారంగా ఉండనిచ్చి, మిగిలినవి తీసివేయాలి. లేత చిగుళ్ళను కత్తిరించడం కంటె మొదలంటా వొలిచివేయడం మేలు. కత్తిరిస్తే అక్కడే మళ్ళీ పుట్టుకొస్తాయి. ఆ పని మా అమ్మాయే చేసింది. ముళ్ళు గుచ్చుకొని వేలి మీద రక్తపు చుక్క లేచినా ఆపలేదు.

ఏప్రిల్ రెండవ వారంలో ప్లవ నామ సంవత్సర ఉగాది వచ్చింది. పచ్చడిలోకి వేపపూత దొరకలేదు గాని, చేదుకు ఆ ఏడాది కొరత లేదు. మన దేశంలో కోవిడ్ రెండవ ఉధృతి చెలరేగుతున్నది. ఊరినుండి వచ్చే ప్రతి ఫోనుకూ గుండె దడదడలాడేది. “కొత్త మొక్క తెచ్చుకుందాం అత్తయ్యగారూ” అని అల్లుడుగారు ఒకసారి మెల్లగా అన్నారు. అందులో తప్పేమీ లేదు. మా అమ్మాయి మాత్రం, “ఇంకొక నెల చూద్దాం” అన్నది. తొందరపడి కత్తెర తెచ్చిన పిల్లే ఆ మాట అనడం నాకు ముచ్చట గొలిపింది.

ఏప్రిల్ చివరి రోజులలో, అంటుకు రెండు వ్రేళ్ళ పైన, శీతకాలమంతా మట్టిలో దాగి ఉన్న బెరడు మీద, బియ్యపుగింజంత ఉబ్బు కనిపించింది. ఎవరితోనూ చెప్పక నాలుగు రోజులు ఓర్చాను. అయిదవ రోజున అది విప్పారింది. ఒంటి ఆకు! మరో రెండు రోజులకు దాని పక్కనే ఇంకొకటి. నిలిపి ఉంచిన మూడాకుల రెమ్మను మా అమ్మాయి అప్పుడు వొలిచివేసింది. నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు, జూన్ మొదటి వారంలో, చచ్చినదేదో బ్రతికినదేదో స్పష్టంగా తేలిన తరువాత, అటక మీది కత్తెర దిగింది. చిగురుకు కొంచెం పైన ఎండుమానును ఏటవాలుగా కోసి, బోసిపోయిన మొదలు ఎండకు పగలకుండా పలుచని తెల్లరంగు పూశాము. భుజమెత్తు పెరిగిన చెట్టులో మిగిలినది జానెడు మోడు, దాని మీద రెండు చిగుళ్ళు.

పొరుగావిడకు ఆ చిగుళ్ళు చూపించినప్పుడు, ఆవిడ మొదట వాటిని కాక నా పాదాల దగ్గరి నేలను చూసింది. మట్టి తీశానా లేదా అని! తీశానని తృప్తిపడి నవ్వింది. రగ్గు సంగతి ఆవిడకు కూడా చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, చెట్టు మొదలును తట్టి, ఇంట్లో ఉయ్యాల వైపు చేయి చూపింది. చెట్టుకు మట్టి చాలు, రగ్గు బిడ్డకే అని ఆవిడ అభిప్రాయమనుకుంటాను.

అప్పటినుండి ఏటా చలికి ముందు మా అమ్మాయి మట్టి ఎగదోస్తుంది, మార్చిలో తీసివేస్తుంది. 2022 డిసెంబరులో మళ్ళీ గట్టి చలి వచ్చింది. కొన్ని కొనకొమ్మలు పోయాయి, మొదలు నిలిచింది. 2024 నవంబరులో నేను మరొకసారి అక్కడికి వెళ్ళాను. చెట్టు నా తలను మించి పెరిగింది. దాని మీద ఏడు పండ్లు ఉన్నాయి. నాలుగేళ్ళు నిండబోతున్న మనవడు ఒకటి కోసి, తొక్క తీసి, తొనలు పంచాడు. తాతగారి పండు తీయగా ఉన్నదన్నాడు. వాడికి ఆ రాత్రి రగ్గు సంగతి ఇంకా తెలియదు. చెప్పే వయస్సు వచ్చినప్పుడు మా అమ్మాయే చెబుతుంది.

అంటుకు కింద మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక మూడాకుల చిగురు తల ఎత్తుతూ ఉంటుందట. దానిలో ద్వేషించవలసినదేమీ లేదు. ఆ వేరు లేనిదే ఆ పండూ లేదు. కనిపించినప్పుడల్లా మా అమ్మాయి వంగి, దాన్ని మెల్లగా వొలిచివేసి, మళ్ళీ తన పనిలో పడుతుంది.